మున్ని తాగిన పాలు

సోమవారం, రాత్రి

కాళ్ళు లాగుతున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు. నిజామాబాదులో మున్నిని డాక్టరుకు చూపించి వచ్చాం. నాలుగేళ్లు నిండినా నా మనవరాలికి మాట లేదు, ఆటిజం అని ఇదివరకే చెప్పారు.

పాలు, పెరుగు మానిపిస్తే పిల్ల బాగవుతుందని ఫోన్లో ఎవరో వైద్యుడు చెబితే, నా కూతురు లక్ష్మి మూడు నెలలుగా మానిపించింది. అదే డాక్టరుకు చెప్పింది.

"పాలు బంద్ జేసినంక నా మొకం దిక్కు సూస్తుంది సార్."

"పాలతోని ఆటిజం తగ్గుడు, పెరుగుడు ఉండదమ్మా. మాటలు నేర్పే మేడమ్ తోటి మార్పొచ్చిందేమో."

"మీకు పుస్తకాలు తెల్సు సార్, నా బిడ్డ నాకు తెల్సు" అని లక్ష్మి లేచింది.

నేను తలెత్తలేదు. లక్ష్మి బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే, రోజూ పిల్లకు గ్లాసెడు పాలు పోస్తున్నది నేనే. మొన్న బర్రె ఈనితే జున్ను కూడా పెట్టాను. చిక్కిపోతుందని భయం. ఈ మూడు నెలలూ పిల్ల పాలు తాగుతూనే ఉంది, అయినా తల్లి మొకం చూసింది.

చెబితే లక్ష్మి ఏమైపోతుందో. మూడు నెలల్లో అది నవ్వింది, పిల్ల తన మొకం చూస్తుందని చెప్పేటప్పుడే.

ఇంటికొచ్చి లక్ష్మి నాతో, "అవ్వా, పాలు మానితేనే గింత మారింది. రేపటి సంది పప్పు, గుడ్లు గూడ బంద్ జేద్దాం" అంది.

అది స్నానానికి పోయినప్పుడు మున్నికి పాలు పోశాను. రోజూ గ్లాసు కడిగి బోర్లించేదాన్ని. ఇవాళ కడగకుండా పొయ్యి గట్టు మీదే ఉంచాను. పొద్దున పొయ్యి వెలిగించేది లక్ష్మే.