ఒక్క ఫిర్యాదూ లేదు

చిన్నోడికి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. మోకాలు డాక్టరు మాట వింటోంది, మీ నాన్నే వినడం లేదు. మొన్న కూడా వడ్రంగి షెడ్డులో నిచ్చెనెక్కారు. "దిగండి" అంటే, "ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగమంటే వస్తుంది" అన్నారు. కోడలికి దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. పాపకు పళ్లొచ్చేటప్పుడు చిరాకు ఉంటుంది. ఏడిస్తే ఎత్తుకోండి, కసరకండి. నువ్వు కూడా పళ్లప్పుడు ఇల్లు పీకి పందిరేశావు.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. మీ ఊళ్లో కూడా నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలిచ్చే సంఘం పెడుతున్నారనీ, నిన్నే సెక్రటరీగా ఉండమన్నారనీ, వచ్చే నెల మొదటి ఆదివారం ప్రారంభమనీ రాశావు. పై అంతస్తులో మంచి గది దొరికిందనీ, రోడ్డు చప్పుడు వినబడదనీ రాశావు. మా సంఘం నియమాల కాగితం ఉన్నదున్నట్టు పంపమన్నావు. నన్ను వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నావు. "పద్నాలుగేళ్లలో మా అమ్మ సంఘం మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని ఇక్కడ అందరికీ చెప్పాను. అదెలా సాధ్యమైందో రాయమ్మా" అన్నావు. ఆ వాక్యం చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. అందుకే జవాబు ఆలస్యమైంది.

ఎలా సాధ్యమైందో రాస్తాను. నిదానంగా చదువు.

మా ఆఫీసు నీకు తెలుసు. మందుల షాపు మీది గది. ప్రెసిడెంటుగారి బావమరిది అద్దె లేకుండా ఇచ్చాడు. మొదటి సంవత్సరం కొందరు బంధువుల పేరు చెప్పి వచ్చి, బాగున్న కుర్చీని బాగాలేదని మార్చుకుపోయారు. దాన్ని ఆపడానికి సెక్రటరీగా నేనో నియమం రాశాను. ఆ కాగితంలో అయిదోది. 'కుర్చీతో ఇబ్బంది ఉంటే, తీసుకున్నవారే స్వయంగా ఆఫీసుకు వచ్చి రిజిస్టరులో రాయాలి.' అంతా మెచ్చుకున్నారు. అప్పటినుంచి రిజిస్టరు తెల్లగా ఉంది. ఆఫీసుకు పద్దెనిమిది మెట్లు.

నవ్వొస్తోందా? నాకూ ఇంకొకరి సంగతయితే నవ్వొచ్చేది. కాళ్లు లేనివాళ్లను మేడ ఎక్కి మొరపెట్టుకోమన్నాను. ఎవరూ ఎక్కలేదు. ఎవరికీ ఇబ్బంది లేదని రాసుకున్నాను. ఏటా నివేదికలో మొదటి పేజీలో ఇచ్చిన కుర్చీల సంఖ్య, రెండో పేజీలో 'ఫిర్యాదులు: లేవు'. మూడు వందల పన్నెండు కుర్చీలిచ్చాం. ఇచ్చిన రోజు ఫొటో తీసేవాళ్లం. మర్నాడు ఆ ఇంటికి ఎవరమూ వెళ్లలేదు.

మీ నాన్న ఆ తొలి ఏడే ఒక మాటన్నారు. అప్పుడాయన కూడా కమిటీలో ఉండేవారు. దారానికి రెండు ముళ్లు వేసి పట్టుకొచ్చారు. "మన కుర్చీలన్నీ ఒకే కొలత, అడ్డం ఇరవై ఆరంగుళాలు. కొత్త వీధుల్లో తలుపులు ఇరవై నాలుగే పెడుతున్నారు. నేనే పెట్టాను కొన్ని. ఇచ్చేముందు ఈ దారం పట్టి చూద్దాం" అన్నారు. నేను అందరి ముందూ, "మనది కుర్చీల సంఘమా, తలుపుల సంఘమా?" అన్నాను. అంతా నవ్వారు. మీ నాన్న కూడా నవ్వారు. ఆ తర్వాత మీటింగుకు రాలేదు. అడిగితే షెడ్డులో పనుందనేవారు. పదమూడేళ్లు పనుంది.

ఈ మధ్య ఆయన ఒక వీధిలో కిటికీ బిగించడానికి వెళ్లి వచ్చి, చెప్పులు విప్పుతూ, "మీ కుర్చీలో కోడి పొదుగుతోంది" అన్నారు. వేళాకోళమనుకున్నాను. మర్నాడు వెళ్లాను.

అది కాళ్లు చచ్చుబడిన టైలరు ఇల్లు. ఒకటే గది. బయట చూరు కింద మన కుర్చీ, దానిమీద గోనెసంచి, సంచి మీద కోడి. నేను దగ్గరికి వెళ్లబోతే టైలరు భార్య నడుం పట్టుకుని గబగబా వచ్చింది.

"లేపకండి మేడమ్! ఇంకా ఆరు రోజులుంది."

టైలరు లోపల నేలమీద కూర్చుని చేతిమిషను తిప్పుతున్నాడు. "రండి మేడమ్, మీరే వచ్చారా" అని గుడ్డముక్కలు పక్కకు జరిపాడు.

"కుర్చీ బయట పెట్టారేం?" అన్నాను.

"దానికి మా ఇల్లు నచ్చలేదు మేడమ్. రెండేళ్ల నుంచి బతిమాలుతున్నాం, లోపలికి రానంటోంది."

"మరి బయటికి వెళ్లేటప్పుడైనా..."

"లోపలయితే మంచం మీదినుంచి నేనే జరిగి ఎక్కుతాను, బయటయితే నన్నెవరైనా ఎత్తి కూర్చోబెట్టాలి కదా. మా ఆవిడకు నడుం పోయింది. కోడికయితే ఎత్తేవాళ్లు అక్కర్లేదు, అదే ఎగిరి కూర్చుంటుంది."

భార్య అందుకుంది. "అసలు మేడమ్, ఈయన అప్పుడే మీ ఆఫీసు..."

"నువ్వు టీ పెట్టు" అన్నాడు టైలరు.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను టీ తాగాను. టైలరు మళ్లీ మిషను తిప్పుతూ, "మీకు పనెక్కువ, పాపం" అన్నాడు, అంతే.

ఆ తర్వాత మీ నాన్నా నేనూ ఇల్లిల్లూ తిరిగాం. విరిగినవీ, పక్క ఊళ్లకు పోయినవీ కాక మా ఊళ్లో ఇప్పుడున్న కుర్చీలు అరవై మూడు. ఇరవై ఎనిమిది గడప దాటి లోపలికి పోలేదు. ఒకదాని మీద నీళ్ల బిందెలు, ఒకదాని మీద బియ్యం బస్తా. ఒక ముసలావిడ పూలకుండీలు పెట్టుకుని, ఎండ ఎటుంటే అటు తోస్తోంది. "చాలా బాగా పనికొస్తోందమ్మా" అని నాకు దణ్ణం పెట్టింది. ఆవిడ మొగుడు లోపల మంచం మీద ఉన్నాడు. నేనెక్కడ మొహం పెట్టుకోవాలి?

టైలరు తలుపు మీ నాన్న రెండు రోజుల్లో సరిచేశారు. లోపలి చట్రం తీసేసి, తలుపును బయటివైపుకు బిగించి, గడప చెక్కేశారు. గోడ పగలగొట్టలేదు, ఇంటివాడు కూడా ఏమీ అనలేదు. రెండున్నర అంగుళాలు వచ్చింది. కోడిని బుట్టలోకి మార్చారు. టైలరు కుర్చీలో కూర్చుని తన తలుపు తనే దాటి వీధి చివరిదాకా వెళ్లి, అక్కడున్న చెప్పులు కుట్టేవాడితో పోట్లాడి వచ్చాడట. రెండేళ్ల కిందటి పోట్లాట, బాకీ ఉండిపోయిందట.

ఇంతవరకూ కమిటీకి తెలుసు. దీని వెనక ఇంకొకటుంది, అది ఎవరికీ తెలియదు, లేదా తెలిసినవాళ్లు నోరు మెదపలేదు.

కొలతల సంగతి చెప్పడానికి మీటింగు పెట్టాను. మీ నాన్న పదమూడేళ్ల తర్వాత వచ్చి, దారం జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ప్రెసిడెంటుగారు తలపట్టుకుని, "ఇన్నాళ్లూ కుర్చీ తీసుకున్నవాళ్లెవరూ మనకు చెప్పలేదామ్మా? ఒక్కరూ?" అని అడిగారు.

"ఎవరూ చెప్పలేదండీ" అన్నాను.

మినిట్స్ పుస్తకంలో కూడా నేనే రాశాను, 'ఎవరూ తెలియజేయనందున' అని. తలెత్తితే మీ నాన్న నన్నే చూస్తున్నారు. టైలరు ఇంట్లో రెండు రోజులు పని చేసిన మనిషి. ఆ భార్య నా దగ్గర మింగిన మాట ఆయన దగ్గర మింగి ఉండదు. ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. "ఉప్పు సరిపోయింది" అన్నారు. ముప్ఫయ్యేళ్లలో ఆయన ఉప్పు గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

చిన్నోడా, టైలరు వచ్చాడు.

కుర్చీ ఇచ్చిన మూడో వారం. పట్నం నుంచి ఒక పెద్ద సంస్థవాళ్లు మా పని చూడటానికి వచ్చారు. మనుషులు ముగ్గురు. బాగా నడిచే సంఘాలను ఎంచి పుస్తకంలో వేస్తారట. రిజిస్టరు తిప్పి చూపించి, "ఒక్క ఫిర్యాదూ లేదండి" అంటున్నాను. అప్పుడు గుమ్మం బయట "మేడమ్" అని వినిపించింది.

వెళ్లి చూశాను. పై మెట్టు మీద టైలరు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగి కూర్చుని, చేతుల మీద ఒళ్లు లేపుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కాడు. అరచేతులకు గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూసి నవ్వి, "కుర్చీ తలుపులో పట్టడం లేదు మేడమ్. తీసుకున్నవాళ్లే వచ్చి రాయాలన్నారుగా, వచ్చాను" అన్నాడు.

నేను గొంతు తగ్గించి, "లోపల పెద్దవాళ్లున్నారు. రేపు రండి" అన్నాను.

"రేపా మేడమ్?" అన్నాడు.

అతను దబాయించలేదు. అరచేతి పేలికలు బిగించుకుని, దిగడానికి తిరిగాడు. అరచేతులు మెట్టుకు తగిలినప్పుడల్లా చప్పుడవుతోంది. లోపలివాళ్లకు వినిపిస్తుందని నేను తలుపు వేశాను.

మర్నాడు అతను రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ సంస్థవాళ్లు మా పేరు పుస్తకంలో వేశారు. ఆ పేజీ కోసి నీకు పంపింది నేనే. నువ్వు దాన్ని పటం కట్టించావని కోడలు రాసింది. దాన్ని దించెయ్యి.

మతిమరుపు కాదు, పని ఒత్తిడీ కాదు. ఆ తెల్ల రిజిస్టరు నాకు మనిషికంటే ముద్దొచ్చింది. ఇంతకంటే మంచి మాట వెతుక్కోను.

రేపు మళ్లీ మీటింగు. మేడమీద కాదు, మీ నాన్న షెడ్డులో, నేలమీదే. టైలరును కమిటీలోకి రమ్మన్నాం, తన కుర్చీలోనే వస్తానన్నాడు. అతని ఎదుట ఆ మినిట్స్ పేజీ చదివి, అబద్ధం రాశానని చెప్పాలి. సెక్రటరీగా ఉంచుతారో దింపుతారో వాళ్లిష్టం. నాకు ధైర్యం చాలక ముందు నీకు రాస్తున్నాను. ఈ ఉత్తరం పొద్దున్నే పోస్టులో వేసి అటునుంచే షెడ్డుకు వెళ్తాను. నీకు తెలిసిపోయాక ఇక వెనక్కి తగ్గలేను.

ప్రారంభానికి నన్ను పిలవకు. మీ నాన్నను పిలు. ఆయన ఉపన్యాసమివ్వరు, తలుపులు కొలిచిపెడతారు. నియమాల కాగితం పంపడం లేదు. మీ నాన్న ఈ కవరులో దారం పెట్టారు. ముడికీ ముడికీ మధ్య ఇరవై ఆరంగుళాలు. మీ కుర్చీల కొలత వేరైతే ముడి విప్పి వేసుకో. ఇచ్చిన నెల తర్వాత ప్రతి ఇంటికీ వెళ్లి, ఎలా ఉందని అడక్కు. బాగుందనే అంటారు. కుర్చీ ఎక్కడుందో చూడు. ఏడాది తిరిగేసరికి ఎవరూ నిన్ను తిట్టకపోతే, తిట్టేవాళ్లు నీ దగ్గరికి ఎందుకు రాలేకపోయారో కనుక్కో.

కోడలికి ఈ ఉత్తరం చూపించు. దాచకు.

పై అంతస్తు గది అన్నావు, చప్పుడు వినబడదన్నావు. దానికి మెట్లెన్నో రాయలేదు. లెక్కపెట్టి రాయి.

ఇట్లు,
మీ అమ్మ