నా ముఖానికి వైకే గొంతు

ఎల్వా,
23 ఏప్రిల్ 2014, బుధవారం

గౌరవనీయులైన వైకే కాస్మెల్ గారికి,

మైమూ హావిస్తె నమస్కరించి రాస్తున్నది. తాలిన్‌లో మీరు కులాసాగా ఉన్నారని, మోకాలి ఆపరేషన్ తర్వాత కర్ర సాయం లేకుండానే నడుస్తున్నారని రేడియోలో పనిచేసేవాళ్ల ద్వారా విన్నాను. సంతోషం. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను. ఈ ఏడు మంచు తొందరగా కరిగింది. బంగాళాదుంపలు నాటడానికి నేల ఇంకా చల్లగానే ఉంది.

ఇదిగో, నాలుగు వాక్యాలు రాసేసరికి చెయ్యి మొరాయిస్తోంది. నాటక పాఠశాల హాస్టల్లో ఒకే చలికోటును వంతులేసుకుని తొడుక్కున్న మనిషిని "మీరు" అనడం నావల్ల కాదు. నువ్వు అనే రాస్తాను. నీకు కోపం వస్తే రానీ.

పోయిన వారం సినిమా ఆర్కైవ్ నుంచి ట్రీనా అనే అమ్మాయి ఫోన్ చేసింది. నీకూ చేసిందట. మన పడవ సినిమాను శుభ్రం చేసి, గీతలన్నీ పోగొట్టి, మే పదిహేడున తాలిన్‌లో పెద్ద తెర మీద వేస్తున్నారట. నన్ను వేదిక మీదికి రమ్మంది. వస్తానో రానో నేనింకా చెప్పకముందే, "మేడమ్, ఆ ఒక్క మాట ఫోన్లో అనరా? మా అమ్మ పక్కనే ఉంది, వింటుంది" అని బతిమాలింది. గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. నలభై రెండేళ్లుగా నా గొంతు బాగుండనేలేదు, చూశావా!

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. సినిమా మొదట్లో పేర్లు పడేచోట నీ పేరు కూడా వెయ్యాలని వాళ్ల ఉద్దేశం. అప్పట్లో వెయ్యలేదు కదా. నిన్ను అడిగితే నువ్వు, "మైమూ ఒప్పుకుంటేనే వెయ్యండి, లేకపోతే వద్దు" అన్నావట. ఇప్పుడు నేనొక కాగితం మీద సంతకం పెట్టాలట. అది వంటింటి బల్ల మీద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. నన్నెందుకు అడగమన్నావు? నీ పేరు నీది. వేసుకుంటే వేసుకో, లేకపోతే మానుకో. నా నెత్తిన ఎందుకు పెట్టావు?

నా మనసు బాగోలేదు వైకే. అసలు ఈ ఏడాదే బాగోలేదు. మా థియేటర్‌కి రైగో అని కొత్త దర్శకుడు వచ్చాడు. ముప్పై రెండేళ్లవాడు, మర్యాదస్థుడు. నాకొక పాత్ర ఇచ్చాడు. ఏమిటో తెలుసా? మొదటి అంకం మొత్తం కిటికీ పక్కన కుర్చీలో చచ్చిపోయి కూర్చోవాలి. ముసలామె పోయిందని ఇంట్లోవాళ్లెవరూ గమనించరు. అదే హాస్యమట. ఒక్క మాట లేదు. రిహార్సల్లో వాడు మెల్లిగా దగ్గరికొచ్చి, "మైమూ గారూ, మీ ఊపిరి కనిపిస్తోందండీ. మూడో వరుస దాకా కనిపిస్తోంది" అన్నాడు. "డెబ్బై ఏళ్ల అలవాటు నాయనా, ఒక్కసారిగా మానలేను" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఈ నాటకంలో నాకు దక్కిన నవ్వు అదొక్కటే, అది కూడా రిహార్సల్లో.

నా బతుకంతా ఇలాగే నడిచింది. ఇరవై ఏడేళ్లప్పుడు సినిమాలో కథానాయికను. ఆ తర్వాత మళ్లీ ఏ సినిమావాళ్లూ కథానాయికగా పిలవలేదు. పిలిచిన ఇద్దరూ నేను నోరు తెరవగానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీ గొంతు ఇది కాదు కదండీ" అన్నాడొకడు, నేనేదో మోసం చేయడానికి వచ్చినట్టు. ముప్పై ఎనిమిదేళ్లకే నాకు తల్లి వేషాలు ఇచ్చారు, యాభై రాకముందే అమ్మమ్మను చేశారు. సామూహిక వ్యవసాయ క్షేత్రాలకు బస్సులో వెళ్లి, బాయిలర్ గదుల్లో బట్టలు మార్చుకుని, పాల ఉత్పత్తి పెంచే పాలపిల్లగా ఎన్ని నాటకాలాడానో లెక్కే లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నాటకాలు పోయాయి. వాటి చోట నాకు టీవీ సీరియల్లో పిల్లిని పెంచే పక్కింటి ఆవిడ వేషం వచ్చింది. పిల్లికి నాకంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చేవి.

అయినా ఎక్కడికి వెళ్లినా ఆ పడవ నన్ను వదలదు. మార్చిలో తార్తు బజారుకి వెళ్లాను. పొగపెట్టిన చేపలమ్మే ఆవిడ నన్ను చూడగానే, "అమ్మో అమ్మో, పడవావిడ!" అని కేకేసింది. "ఒక్కసారి అనండమ్మా, మా ఆయన మీద అనుకుని అనండి!" అంది. చుట్టూ పదిమంది చేరారు. తప్పదు కదా, అన్నాను: "నువ్వు రాకపోతే పోయావు, పడవ పంపించు!" ఆవిడ ముఖం వాడిపోయింది. "అబ్బే, ఇలా కాదమ్మా. సినిమాలో మీరు ఇలా అనరు" అంది. వెనక నిలబడ్డ ఇంకో ఆడమనిషి గొంతు సవరించుకుని అనేసింది. అచ్చం నీలా. ముందు కోపం, ఆ "పడవ" దగ్గర గొంతులో కాస్త జీర. అందరూ చప్పట్లు కొట్టారు. చేపలావిడ జాలిపడి నాకొక చేప ఊరికే ఇచ్చింది. తీసుకున్నాను. ఇంటికొచ్చి నల్లరొట్టెతో తింటూ ఏడ్చాను.

ఇదంతా ఎక్కడ మొదలైందో నీకు తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే మనం దీని గురించి ఒక్కసారైనా నెమ్మదిగా మాట్లాడుకోలేదు.

డెబ్బై ఒకటి సెప్టెంబరులో సారెమా దీవిలో షూటింగు. దర్శకుడు ఎండెల్ రూట్సి నన్ను నడుముదాకా నీళ్లలో నిలబెట్టి పదకొండుసార్లు ఆ మాట అనిపించాడు. కాళ్లు నీలంగా మారాయి. ఊళ్లో జాలరి ఆడవాళ్లు వచ్చి వేడి సూప్ పోస్తూ, "ఆ మగాడు పోతే పోయాడు పిల్లా, నువ్వు ముందు బయటికి రా" అని తిట్టారు. వాళ్లు తిట్టింది నటుణ్ణో దర్శకుణ్ణో నాకిప్పటికీ తెలియదు. అలల హోరు, కెమెరా రొద కలిసిపోయి అక్కడ పట్టిన శబ్దం ఏదీ పనికిరాలేదు. మాటలన్నీ చలికాలంలో స్టూడియోలో మళ్లీ చెప్పాలన్నారు.

మరుసటి ఏడాది వసంతంలో మొదటి ప్రదర్శన. మూడో వరుసలో, మా థియేటర్‌లో నాతోపాటు పనిచేసే సల్మె పక్కన కూర్చున్నాను. తెర మీద నేను నోరు తెరిచాను, నీ గొంతు వచ్చింది. ఆ మాట దగ్గర జనం చప్పట్లు కొట్టారు, లేచి నిలబడ్డారు. నన్ను చూసి కాదు, నిన్ను విని. నా మొహం నా చేతుల్లోంచి ఎవరో లాక్కున్నట్టయింది. నువ్వు తాలిన్‌లో ఉన్నావు, ఎండెల్‌కి దగ్గరగా ఉన్నావు, రేడియోలో పేరు తెచ్చుకున్నావు. నేను మారుమూల ఊరి నుంచి వచ్చినదాన్ని, దక్షిణాది వోరు యాస దాన్ని. నన్ను పక్కకి తోసి నా పాత్ర తీసుకున్నావు.

నెల తర్వాత నువ్వు కేకు కట్టించుకుని మా మేకప్ గదికి వచ్చావు. "మైమూ, నీకు ఒంట్లో బాగాలేదన్నారే. గొంతు పోయింది, సినిమా ఆగిపోతుంది అన్నారు. లేకపోతే నేను ఆ గదిలో అడుగుపెడతానా?" అన్నావు. నేను అందరి ముందూ, "దొంగా, నా గొంతు కూడా కోసుకుపోయావు కదే!" అని అరిచాను. నువ్వు కేకు బల్ల మీద పెట్టి వెళ్లిపోయావు. ఆ తర్వాత మూడు ఉత్తరాలు రాశావు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. నా వైపు మాట్లాడేవాళ్లు చాలామందే ఉండేవారు. నువ్వు ఏ నాటకానికి ప్రయత్నించినా, "మైమూకి ఈమె ఏం చేసిందో తెలుసుగా" అనేవారట. నువ్వు వేదిక వదిలేసి రేడియోలోనే ఉండిపోయావు. పిల్లలకి సాయంత్రం కథలు చెబుతూ ముప్పై ఏళ్లు. నా మనవరాలు నీ కథ వింటేనే అన్నం తినేది. నేను వంటింట్లోకి వెళ్లి తలుపేసుకునేదాన్ని.

ఇంత జరిగాక నువ్విప్పుడు నా అనుమతి అడుగుతావా? కేకలెయ్యి, తిట్టు, కోర్టుకెళ్లు, ఏదైనా భరిస్తాను. ఈ మర్యాద మాత్రం భరించలేను. నన్ను రాక్షసిని చేస్తోంది. ఆ ట్రీనా, "వైకే గారు చాలా మంచావిడండీ, మీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు" అని పొంగిపోతూ చెబుతుంటే ఫోన్ గోడకేసి కొడదామనిపించింది.

సంతకం సంగతి ఇంకా తేల్చుకోలేదు. మే పదిహేడుకి వస్తానో రానో కూడా తెలియదు. నీ మోకాలు జాగ్రత్త. మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకో.

ఒకప్పటి నీ గదిలో మనిషి,
మైమూ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినదంతా నలభై రెండేళ్లుగా జనానికి చెబుతూ వచ్చినట్టే రాసేశాను. చెయ్యి అలవాటుపడిపోయింది. జరిగింది అది కాదు.

డెబ్బై రెండు ఫిబ్రవరిలో నేను స్టూడియోకి వెళ్లాను. నా గొంతు నిక్షేపంగా ఉంది. గాజు గదిలో నిలబడి ఆ మాట నాలుగుసార్లు అన్నాను. అవతల శబ్దం పట్టే ఇద్దరు మగవాళ్లు నా వోరు యాసను ఒకరికొకరు అనుకరించి చూపించుకుని నవ్వారు. మైకు ఆపడం మర్చిపోయారు, నాకు వినబడింది. నేను బయటికొచ్చేశాను. ఎండెల్ వరండాలో నా వెనకే వచ్చి, "వాళ్ల మొహం. ఆ యాస కోసమే కదా నిన్ను తీసుకున్నాను! దీవి మనిషికి ఆ యాస ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, కాపురానికి వచ్చిన పిల్ల అంటాను. రేపు మళ్లీ చేద్దాం, నేనే పక్కన కూర్చుంటాను" అన్నాడు. నేనే వద్దన్నాను. "వైకేని పిలవండి. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పండి. నేను పిలవమన్నానని మాత్రం ఆమెకి ఎప్పటికీ చెప్పకండి" అన్నాను. రెండు రోజులు నా ఇంటి చుట్టూ తిరిగాడు. నేను తలుపు తీయలేదు. ఆయన మాట మీద నిలబడ్డాడు. ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

నీ మీద నింద వెయ్యాలని నేను ముందుగా అనుకోలేదు. మొదటి ప్రదర్శన రోజు చప్పట్లు ఆగగానే సల్మె నా వైపు తిరిగి, "గొంతు నీది కాదేం?" అంది. యాసకి సిగ్గుపడి పారిపోయానని చెప్పడానికి నోరు రాలేదు. "వైకే లాగేసుకుంది" అన్నాను. అంతే. మర్నాటికి థియేటర్ అంతా తెలిసిపోయింది. ఆ తర్వాత కాదని చెప్పాల్సిన రోజులు ఎన్నో వచ్చాయి. నువ్వు కేకుతో వచ్చిన రోజు అన్నిటికంటే పెద్దది. ఆ రోజు అరిచింది కోపంతో కాదు, నువ్వు ఇంకొక్క ప్రశ్న వేస్తే నిజం బయటపడుతుందన్న భయంతో.

క్షమించమని అడగను. నీ వేదిక తీసుకుని నీకు క్షమించే పని కూడా అప్పజెప్పడం న్యాయం కాదు. సంతకం పెట్టేశాను. ట్రీనాకి ఫోన్ చేసి నీ పేరు నా పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలని చెప్పాను. ఎండెల్ మాటలు, ఆ గాజు గది, నేను చెప్పిన అబద్ధం, అన్నీ కాగితం మీద రాసి ఆమెకి వేరే పంపుతున్నాను, ఆర్కైవ్‌లో దాచమని. మే పదిహేడున వేదిక మీద అదే చదువుతాను, మా వోరు యాసలోనే. నువ్వు వచ్చినా చదువుతాను, రాకపోయినా చదువుతాను.

పోస్టాఫీసు అయిదింటికి మూసేస్తారు. ఇప్పుడు నాలుగున్నర. కోటు కూడా వేసుకోకుండా వెళ్తున్నాను, ఆగితే చించేస్తాను.