వంటింట్లో వెలుగు పడింది

ధర్మపురి, 9-3-85

అన్న వీరప్పకు చెల్లెలు సౌభాగ్యం రాసేది. కార్డు చూసి బెదరొద్దు, అందరం బాగుండాము, ఇది సంతోషం కబురే.

మన ఇల్లు అమ్మకం కుదిరేట్టుంది! ముందు చూసినోళ్ళు ఇద్దరూ వంటిల్లు చీకటని వెనక్కి పోయినారు కదా. ఈసారి నేను సున్నం కొట్టించి ఊరుకోలేదు. నిచ్చెన వేసుకొని కప్పెక్కి, పొయ్యికి పైనుండే నాలుగు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టినాను. పక్కింటి పంచవర్ణం కింద నిలబడి "పడిపోతావే, దిగవే" అని ఒకటే అరుపు!

నిన్న మారండహళ్ళి నుంచి టమాటా వ్యాపారి అంజనప్ప పెండ్లాంతో వచ్చినాడు. గోడలు తట్టి చూసి, "పాత ఇల్లమ్మా" అని పెదవి విరిచినాడు. అంతలో ఆయన పెండ్లాం కెంపమ్మ వంటింట్లోనుంచి కేక వేసింది: "ఏమయ్యా, నువ్వు ఎన్ని ఇండ్లైనా చూసుకో. నేను మాత్రం ఈ వెలుగులోనే వండుతాను." ఆయన గోడలు తట్టేది మానేసి వెల అడిగినాడు! వచ్చే శుక్రవారం ఖాయం చేసుకోను వస్తారు.

ఇల్లు మనిద్దరి పేరున ఉంది కాబట్టి నువ్వు గురువారమే బస్సెక్కు. నీ కాడుండే ఇంటి పత్రం మరవద్దు. చిన్నోడికి జ్వరం తగ్గిందా? వదినకు నిమ్మకాయ ఊరగాయ ఎత్తిపెట్టినాను.

ఇల్లు అమ్ముడైతే పాలకోడులో చిన్న ఇల్లు తీసుకుంటాము. మా ఆయన అక్కడ చక్కెర మిల్లులో చేరినప్పటినుంచి ఆదివారం చుట్టం మాదిరే వచ్చిపోతుండాడు. ఇంక దినామూ ఇంటికొస్తాడన్నా!

వదినకు నమస్కారం, పిల్లోళ్ళకు ముద్దులు.

సౌభాగ్యం