హారతి అయ్యేసరికి మాయమయ్యే ఇంజను చప్పుడు

వర్తూరు, బెంగళూరు,
ఆగస్టు 2006.

వారంటీ ఫిర్యాదుల అధికారి గారికి,
గరుడగమన పాత వాహనాల కంపెనీ,
ప్రధాన కార్యాలయం, హైదరాబాదు.

విషయం: మీ బెంగళూరు బ్రాంచిలో ఏడాది వారంటీతో కొన్న పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు – ఇంజనులో చప్పుడు – సదరు చప్పుడుకు కారణం నేనేనని ఇచ్చిన రిపోర్టు రద్దు చేయుట – ఇంజను విప్పించుట – బ్రాంచి మేనేజరు తిమ్మరాయప్ప గారిపై చర్య తీసుకొనుట – గురించి.

అయ్యా,

ఇదివరకు ఇంగ్లీషులో రాసిన నా అర్జీలు తమ బల్ల మీదకి రాలేదని ఫోనులో తెలిసింది. ఇంగ్లీషులో వచ్చినవన్నీ 'తగు చర్య నిమిత్తం' మళ్లీ బెంగళూరు బ్రాంచికే పంపుతారట. అంటే తిమ్మరాయప్ప గారి మీద నేను రాసినవన్నీ తిమ్మరాయప్ప గారే చదువుకున్నారు. తెలుగులో రాస్తే మాత్రం సార్ స్వయంగా చూస్తారని మీ ఆఫీసులో ఫోనెత్తిన అనసూయ గారు చెప్పారు. ఆమెకు నా కృతజ్ఞతలు. ఇక నా మొర.

1. మా అమ్మ ప్రమీల నర్సు. ఆస్పత్రి ఉద్యోగం అయిపోయాక, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం పెట్టుకుంది. వర్తూరు అవతల కొత్త లేఅవుట్లలో ఇళ్లు వచ్చాయి గాని రోడ్లు రాలేదు. చినుకు పడితే చాలు, ఆటో అతను చెరువు దగ్గరే దించేసి ఇక నడుచుకోమంటాడు. అందుకని ఉన్నదంతా ఊడ్చి ఈ జీపు కొన్నాం. నేను మహదేవపురలో హెడ్‌ఫోను తగిలించుకుని ఎక్కడో ఉన్నవాళ్లకు క్షమాపణలు చెప్పే ఉద్యోగం మానేసి అమ్మ దగ్గర డ్రైవరుగా చేరాను. జీతం లేదు. తిట్లు సమయానికి అందుతాయి.

2. కొన్న కొద్దిరోజులకే పొద్దున్న స్టార్టు చేయగానే ఇంజను లోపల ఎవరో సుత్తి పట్టుకుని 'బయటికి తియ్యండి' అని కొడుతున్నట్టు టకటకమని చప్పుడు మొదలైంది. కాస్త వేడెక్కితే తగ్గిపోతుంది. అందుకే చప్పుడు ఉదయం మాది, తర్వాత ఎవరిదీ కాదు. తిమ్మరాయప్ప గారితో చెబితే, "డీజిల్ బండి అంటే అంతేనమ్మా, అది మాట్లాడ్తా ఉంటాది. మీరు పెట్రోలు కారు చెవులతో వింటా ఉండారు" అన్నారు. సర్వీసు గది జనమంతా నవ్వారు. వాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి.

3. నవ్విన తర్వాత నేనేం చేశానో మనవి చేస్తాను. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. ఒక్కొక్క సిలిండరుకూ డీజిల్ వెళ్లే పైపు నట్టును కాస్త వదులు చేసి చూశాను. రెండోదాన్ని వదులు చేసినప్పుడు మాత్రం సుత్తి ఆగిపోయింది. బిగిస్తే మళ్లీ మొదలైంది. రోగం రెండో సిలిండరులో ఉంది. అక్కడ పిస్టను వదులైపోయి చల్లగా ఉన్నంతసేపూ గోడకు కొట్టుకుంటోంది, వేడికి ఉబ్బి సరిపోగానే నోరు మూసుకుంటోంది. వేడికి లోహం వ్యాకోచిస్తుందని బడిలోనే చెప్పారు. మీ బ్రాంచివాళ్లకూ చెప్పే ఉంటారు. ఇట్లానే నడిపితే ఒకరోజు పిస్టను పట్టేసి ఇంజను మొత్తం పోతుందని తెలిసి బండి ఆపేశాను. అమ్మ ఇప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మందుల డబ్బా చంకన పెట్టుకుని బురదలో నడుస్తోంది.

4. తమ వారంటీ నియమం ప్రకారం ఇలాంటి ఫిర్యాదు వస్తే బండిని ముందురోజు సాయంత్రమే బ్రాంచిలో వదలాలి. పూర్తిగా చల్లారాక పొద్దున్న కంపెనీ ఇంజనీరు స్టార్టు చేసి వినాలి. నియమం బంగారం. కానీ మీ బ్రాంచిలో ఇంకొక నియమం ఉంది. ఆ రోజు స్పానరు తగలబోయే ప్రతి బండికీ పొద్దున్నే పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి స్టార్టు చేసి తొక్కిస్తారు. అన్ని బండ్లకూ హారతి పూర్తయ్యేదాకా ఇంజను ఆపరు. స్వామి ముందర ఇంజను ఆపకూడదట. హారతి అవుతుంది, ప్రసాదం అవుతుంది, అప్పుడు ఇంజనీరు అభిజిత్ గారు దిగుతారు. బానెట్టు మీద దోసె పోసుకోవచ్చు. "నాకేం వినిపించడం లేదండీ. పర్ఫెక్టుగా ఉంది" అంటారు.

5. ఇక్కడ మా తప్పు కూడా ఉంది, దాచను. మేము క్రైస్తవులం. నిమ్మకాయలు కనిపించగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "వాళ్ల భక్తి వాళ్లది ప్రిస్సీ, మనం మధ్యలో నిలబడితే బాగుండదు" అని గేటు బయట ఎళనీరు, అదే కొబ్బరిబొండాల, బండి దగ్గరికి లాక్కుపోయేది. వాళ్లేమీ అనుకోకూడదని మేము, మేమేమీ అనుకోలేదని వాళ్లు. ఇంత మర్యాదలో, ఆ చప్పుడు వినిపించే ఆ కాసేపూ వినవలసినవాళ్లం మేమే అక్కడ లేము. ప్రతిసారీ కొబ్బరినీళ్లు తాగి లోపలికి వచ్చి, ఇంజను బాగుందని చెప్పించుకుని ఇంటికి వెళ్లాం.

6. కిందటి మంగళవారం నేను ఎళనీరు బండి దగ్గరికి వెళ్లలేదు. తాళం చెవి ఇవ్వకుండా నేనే డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తిమ్మరాయప్ప గారు విబూది పెట్టుకుని వచ్చి, "కీ ఇయ్యమ్మా, స్వామి కాసుకోని ఉండాడు" అన్నారు. ఇంజనీరు గారు కూడా రానివ్వండి సార్, ఇద్దరూ కలిసి వింటారు అన్నాను. పూజ ఆపితే అందరికీ కీడని ఆయన. ఆపమనలేదు, నిమ్మకాయలు నలగాలి అంతేగా, బండి న్యూట్రల్లో పెడతాను, తోయండి అని నేను. స్వామికి నిమ్మకాయ కావాలా, డీజిల్ పొగ కావాలా అని కూడా అడిగాను. చివరికి మెకానిక్కులు నవ్వుకుంటూ తోశారు. నిమ్మకాయలు శాస్త్రోక్తంగానే నలిగాయి. గేటు బయట అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఎవరి కోసమో నేను అడగలేదు.

7. అభిజిత్ గారు వచ్చాక ఆయన అరచెయ్యి బానెట్టు మీద పెట్టించి, చల్లగా ఉందని ఆయన నోటితోనే అనిపించి స్టార్టు చేశాను. సుత్తి మొదలైంది. స్క్రూడ్రైవరు చేతికిచ్చి రెండో సిలిండరు చూపించాను. ఆయన విన్నారు. ముఖం మారింది. ఆ ముఖాన్ని రిపోర్టులో జత చేసే వీలుంటే ఈ అర్జీ అవసరమే ఉండేది కాదు. వెంటనే తిమ్మరాయప్ప గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, టిఫిన్ చల్లారిపోతోందని క్యాబిన్లోకి తీసుకుపోయారు. తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చిన రిపోర్టు సారాంశం: చప్పుడు వాస్తవమే, చల్లటి ఇంజనును అతిగా రేజ్ చేసే అలవాటు వల్ల వచ్చినది, నడిపేవారి లోపం, వారంటీ వర్తించదు. నేను చూస్తుంటే అభిజిత్ గారు నేల చూపులు చూస్తూ, "లేడీస్ డ్రైవింగ్‌లో ఇది కామనే మేడమ్" అన్నారు. అప్పటిదాకా నాకు కావలసింది ఇంజను మాత్రమే. ఆ మాట తర్వాత కావలసినవి పెరిగాయి.

కావున తమరు దయతో,

(అ) సదరు రిపోర్టు రద్దు చేసి, ఆ 'లేడీస్ డ్రైవింగ్' వాక్యానికి అభిజిత్ గారి చేత స్వహస్తంతో మా అమ్మ పేరున క్షమాపణ రాయించవలెను. ఆ డ్రైవింగు నేర్పింది ఆవిడే.

(ఆ) ఈ నెలాఖరుకు వారంటీ ముగియకముందే, మా ఇద్దరి ఎదుట ఇంజను విప్పించి రెండో సిలిండరు బాగుచేయించవలెను. పూజ ఎంత బాగా అయినా చేసుకోవచ్చును, పరీక్ష అయిన తర్వాత.

(ఇ) బండి బాగయ్యేవరకు తిమ్మరాయప్ప గారు తమ సొంత కారులో రోజూ ఉదయం మా అమ్మను రోగుల ఇళ్లకు తిప్పవలెను. ఆయనే నడపవలెను. కారు వెళ్లలేని చోట దిగి, మందుల డబ్బా ఆయనే మోయవలెను. చెప్పులు చేతిలో పట్టుకోవడం మంచిది.

ఇది కళ్లతో చదివి పక్కన పెట్టక, రెండు చెవులా చిత్తగించవలెను.

ఓపిక ఉన్నంతవరకు
తమ విధేయురాలు,
ఎం. ప్రిస్కిల్లా, బి.ఎస్సీ. (ఫిజిక్సు)

తా.క.: రిపోర్టు ఇచ్చాక బండి తీసుకుపొమ్మన్నారు. పోనన్నాను. వాళ్లే తోసి గేటు బయట రోడ్డు పక్కన పెట్టారు. అది మంచి చోటు. షోరూముకు వచ్చేవాళ్లందరూ దాని పక్కనుంచే లోపలికి వెళ్లాలి. రోజూ పొద్దున్న తలుపులు తెరిచే వేళకు బస్సులో వచ్చి ఒక్కసారి స్టార్టు చేస్తున్నాను. చప్పుడు మాయమవగానే ఆపేసి ఇంటికి వెళ్తున్నాను. ఎవరితోనూ ఏమీ అనను. అడిగినవాళ్లకు మాత్రం బండి ఎక్కడ కొన్నానో చెబుతాను. నిన్న తెల్ల జీపు బేరం కుదుర్చుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు కాసేపు నిలబడి విని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయారు.

ఇవాళ తిమ్మరాయప్ప గారు తనే టీ తీసుకుని బయటికి వచ్చారు. హైదరాబాదుకు రాశారా అని అడిగారు. రాస్తున్నానని ఈ కాగితాలు చేతికిచ్చాను. నిలబడే మొత్తం చదివారు. తిరిగి ఇస్తూ, (ఇ) మీద వేలు పెట్టి, "తక్కినవన్నీ ఉండనీయమ్మా. ఆ మూడోదొకటి కొట్టేయి" అన్నారు.

తక్కినవాటిని ఆయన కాదనలేదని గమనించ ప్రార్థన. మూడోది కొట్టెయ్యలేదు.