అంచులోని శిలువ గుర్తులు

చెన్నపట్నం,
బుధవారం

పూజ్యులైన నాయన గారికి మీ కొడుకు దేవదానం వందనాలు చేసి రాసుకునేది. నేనిక్కడ బాగున్నాను. మీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? చెల్లెలు సరిగా బడికి పోతున్నదా? నా గురించి బెంగ వద్దు.

ఇక్కడ ఎండకంటే ఉక్క ఎక్కువ. మూడు పూటలా రేషను బియ్యమే. రాగి సంగటి మాటెత్తితే మెస్సువాడు నవ్వుతాడు. ఆదివారం గుడి నుంచి వచ్చాక మాట్లాడే దిక్కు లేక గోడలు చూస్తూ కూర్చుంటాను. అయినా బాగానే ఉన్నాను. ప్రెస్సులో బొమ్మలు అచ్చువేసే రాళ్లను అరగదీసి నున్నగా చేయడం నా పని.

అమ్మ రాయించిన ఉత్తరం పోయిన వారం అందింది. మదనపల్లె ప్లీడరు గారు కొత్త ఫ్రేముకని మనకిచ్చిన నూనెరంగుల బొమ్మను మనం దాచుకుని, ఫ్రేములో అచ్చుబొమ్మ పెట్టామని ఆయన అంటున్నారట. ఆయన చుట్టమెవరో భూతద్దం పెట్టి చూసి చెప్పాడట. పుంగనూరు బజారులో ఎవరూ మన అంగడికి ఫ్రేములు కట్టించడానికి రావడం లేదట. ఇది చదివాక నాకు అన్నం సయించలేదు.

మా మేస్త్రి మునెప్పది కుప్పం. నా మాట వింటే ఊరు గుర్తుకొస్తుందంటాడు. ఆయనను అడిగాను: “బొమ్మ మీద గుడ్డ నేత చేతికి తగిలింది గదన్నా, అది అచ్చు ఎట్లవతాది?”

“వార్నీషు పూసి, నేత పడేట్టు అదిమిపెడతారప్పా. పెద్దపెద్దోళ్లే మోసపోతారు,” అన్నాడు.

రెండు బొమ్మలు ముందేసి భూతద్దం ఇచ్చాడు. చవకదానిలో చుక్కలు నాటిన నారులాగా వరుసగా ఉన్నాయి. మంచిదానిలో ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ పోలికే లేదు. రాతి మీద ఒక్కొక్కటీ చేత్తో పెట్టినవట. అలాంటి రాళ్లు పన్నెండు, రంగుకొకటి. ఒక ముక్కు నీడకే మూడు రాళ్లని తెలిశాక ఆ పూట నాకు పని సాగలేదు.

తరువాత అంచు చూపించాడు. మూలల్లో చిన్న చిన్న శిలువలు.

“రాయి మారినప్పుడల్లా గుర్తు మీద గుర్తు కూసోవాల. లేకుంటే మూతి ఒక తావ, ఎరుపు ఒక తావ పడతాది,” అన్నాడు.

నాయనా, ప్లీడరు గారి బొమ్మ పాత ఫ్రేము విప్పిననాడు మీరు ఏమన్నారు? “ఎవురో విశ్వాసి గీసినాడురా, శిలువలు పెట్టుండాడు. కత్తి పెట్టొద్దు, అంచు లోపలికి మడిసిపెట్టు.” వేరే బొమ్మయితే అంచు కోసేసేవాళ్లం. మడిచింది నేనే. కింది అంచులో, శిలువ పక్కనే, ప్లీడరు గారి తాతగారి పేరుతో సిరా సంతకం ఉంది. అప్పుడు అది ముఖ్యమని తోచక మీకు చెప్పలేదు. అచ్చు గుర్తూ సంతకమూ ఒకే కాగితం మీద ఉన్నాయంటే తాతగారు కొన్నదే అచ్చుబొమ్మ.

ఆ ఫ్రేము మీరు విప్పవద్దు. పాస్టరయ్యను వెంటబెట్టుకుని మదనపల్లె పోయి, ప్లీడరు గారి చేతే విప్పించండి. పాపం ఆయన చిన్నబోతారు. పన్నెండు రాళ్ల పనితనమని, అలాంటివి ఏరి దాచుకునేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారని చెప్పండి.

ఒక మాట రాయక ఉండలేను. “ఇట్లాటిది మనింట్లో ఒకటుంటే సాలురా” అని ఆనాడు మీరు ఆ బొమ్మను చూస్తూ నిలబడ్డారు. అమ్మ ఉత్తరం చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే. ఒక పగలంతా నేను కూడా మిమ్మల్ని అనుమానించాను. ప్లీడరు గారికి మీరు పరాయివాళ్లు, నాకు కాదు. ఈ ఉత్తరం చెల్లెలు చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను, ఇంట్లో అందరూ వినాలి.

అమ్మకు, పాస్టరయ్యకు వందనాలు. చెల్లెలికి దీవెనలు. నన్ను మీ కొడుకని చెప్పుకోవడానికి మీకింకా మనసొప్పితే, ఆ ఒక్క మాట రాయించండి.

మీ
దేవదానం