సోమవారం గీత

పర్యావరణ సమాచార కార్యాలయం అధికారి గారికి,

నమస్కారాలు. ఇవాళ వాగు నీటిమట్టం మూడు అడుగుల రెండు అంగుళాలు. ఎవరడిగారు అనుకోకండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు గట్టున నిలబడి, కొలబద్ద చూసి పుస్తకంలో ఎక్కించిన చెయ్యి ఇది. ముందు మట్టం రాయందే తక్కిన మాట రాదు.

మా గ్రంథాలయంలో మీరు పెట్టించిన తెర చూశాను. ఎంత బాగుందండీ! 'వాగు' అన్న గుండ్రం మీద వేలు పెట్టగానే చుట్టూ బిలబిలమంటూ చిన్న గుండ్రాలు వచ్చేశాయి: చేపలు, కప్పలు, బావులు, ఒంటి దురద, అద్దకాల కార్ఖానా. కప్పల మీద నొక్కితే కప్పల చుట్టపక్కాలంతా దిగారు. రెండు గంటలు నిలబడిపోయాను. మోకాళ్ళు గుర్తుచేస్తేగానీ కదల్లేదు.

అయితే ఒక ఫిర్యాదు. కార్ఖానా ఇక్కడికి ఎగువన నాలుగు కిలోమీటర్లు. మీ తెర మీద అంగుళం దూరంలో ఉంది. సరే, పోనీయండి. కానీ కార్ఖానా నుంచి కప్పల దాకా బొటనవేలంత లావు గీత ఉందే, అంత పెద్ద గొట్టం ఎప్పుడు వేశారు? నాకు తెలియకుండా ఈ వాగులో చెంబు ముంచినవాడు లేడు.

ఇట్లు,
రిటైరైన నీటిమట్టం రీడరు

తా.క. తెరని టేపుతో కొలుస్తుంటే లైబ్రేరియన్ గారు కోప్పడ్డారు. సుద్దముక్క గుర్తులు తడిగుడ్డతో తుడిస్తే పోయాయి.

*

రీడరు గారికి,

నమస్కారమండీ. ఆ గుండ్రాలు చేసిన ముగ్గురిలో నేనొకదాన్ని. మీరు రెండు గంటలు చూశారంటే మాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మా పై అధికారి రెండు నిమిషాలు కూడా చూడలేదు. మీ ఉత్తరం గోడకి అంటించుకున్నాం.

కానీ అది పటం కాదండీ, గీత గొట్టమూ కాదు. ఒక మాట ఎత్తితే ఇంకో మాట గుర్తొస్తుంది చూడండి, అలాంటిది. మా ఇంట్లో గొడుగు అనగానే అందరికీ మా బాబాయి గుర్తొస్తాడు. ఇప్పటికి పదకొండు పోగొట్టాడు. అంతమాత్రాన గొడుక్కీ బాబాయికీ మధ్య గొట్టం ఉన్నట్టు కాదు కదా! పాత రికార్డుల్లో రెండు సంగతులు ఎన్నిసార్లు కలిసి కనిపిస్తే, వాటి మధ్య గీత అంత లావు అవుతుంది.

ఇట్లు,
గుండ్రాలు చేసిన అమ్మాయి

తా.క. టేపు మాత్రం వద్దండీ, దండం పెడతాను. రెండు వేళ్ళతో సాగదీస్తే గుండ్రాలు ఎటుపడితే అటు జరుగుతాయి, కొలత నిలవదు.

*

గుండ్రాల అమ్మాయి గారికి,

మట్టం రెండు అడుగుల పదకొండు. మీరు చెప్పినట్టే సాగదీశాను. కార్ఖానా తెర దాటి ఎటో వెళ్ళిపోయింది. నిజంగా కూడా అలా పోతే బాగుండేది.

మీ బాబాయి సంగతి భేషుగ్గా ఉంది. కానీ నిప్పు లేందే పొగ రాదు. గొట్టం ఉందని మీకు తెలుసు, పైవాళ్ళకి జడిసి బాబాయిని అడ్డం పెట్టుకున్నారు. తప్పు పట్టను, నేనూ ఉద్యోగం చేసినవాణ్ణే. మీ మీదికి మాట రాకుండా నేనే వెతికాను. అంగుళానికి నాలుగు కిలోమీటర్ల లెక్కన గీత పోయిన దారి పట్టుకుని, పారతో తవ్వాను. మూడో అడుగులో గొట్టం తగిలింది! మీసం మెలేసేలోపే నీళ్ళు మొహాన కొట్టాయి. మంచినీళ్ళు. గ్రంథాలయానికి పోయే గొట్టమట.

ఇంకో మాట. ఆ లావు గీత మీద నొక్కితే ఒకే రాత వందలసార్లు వచ్చింది: "సోమవారం. నీళ్ళు రంగు తేలాయి. కప్పలు పలకలేదు." ఎవరమ్మా ఆ పండితుడు? ఆ సోమవారం సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు. నా పుస్తకాల్లోనూ ఉండేది. మా ఆఫీసు మూసేసిన రోజు ఆ పుస్తకాలన్నీ లారీలో చిత్తుకాగితాలకి పోవడం ఈ కళ్ళతో చూశాను. వారం రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడెవరో మహానుభావుడు నాలాగే గట్టున నిలబడి, మొదటినుంచీ అంతా మళ్ళీ కనిపెట్టాడు. ఆయన పాదాలకు నా నమస్కారం చెప్పండి.

ఇట్లు,
నీటిమట్టం రీడరు

తా.క. గ్రంథాలయంలో రెండు రోజులుగా నీళ్ళు లేవు. నేను వీధి మలుపులో ఉండగానే లైబ్రేరియన్ గారు తలుపు వేసేస్తున్నారు.

మరో తా.క. "సోమవారం మీకు సెలవు కదా" అంటోంది మా ఇంటావిడ. ఆవిడకి అన్నీ కావాలి.

*

రీడరు గారికి,

మీ ఉత్తరం ముగ్గురం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదివాం. ఆ లారీ చిత్తుకాగితాలకి పోలేదండీ. మా నేలమాళిగకి వచ్చింది. అక్కడ పదహారు అట్టపెట్టెల నిండా పుస్తకాలు దొరికాయి. పేరు లేదు, సంతకం లేదు, పేజీ పేజీకీ టీ గ్లాసు మచ్చ మాత్రం ఉంది. అసలు తెర మీద గుండ్రాలు పెడదామన్న ఆలోచన మాకు ఆ మచ్చలు చూస్తుంటేనే వచ్చింది. మీ ఉత్తరాల మూలన కూడా అదే మచ్చ. మీ పుస్తకాలేనండీ అవి! ఏడాదిగా వాటిని చదువుతూ, ఈ మనిషి ఎక్కడున్నాడో అనుకోని రోజు లేదు.

కానీ వ్యవధి లేదు. కార్ఖానావాళ్ళు అర్జీ పెట్టారు. ఊరూ పేరూ లేని రాతని నమ్మి గీసిన ఆ గీత తీసేయాలట. రాసిన మనిషి పదిహేనో తేదీలోగా "ఇది నా రాత" అని సంతకం పెట్టకపోతే గీత తీసేస్తారు. అది పోతే ఆ నీళ్ళ సంగతి అడిగేవాళ్ళుండరు. వెంటనే సంతకం పంపండి.

ఇట్లు,
మీ గుండ్రాల అమ్మాయి

తా.క. ఒక్క చిక్కుంది. సోమవారం పేజీల్లో అక్షరాలు వేరు. ముత్యాల్లా ఉన్నాయి, టీ మచ్చ కూడా లేదు. కప్పలున్నది ఆ పేజీల్లోనే. తక్కిన ఆరు రోజుల్లో వెతికినా ఒక్క కప్ప దొరకలేదు. సోమవారం మీ చేతికి ఏమయ్యేది?

*

అమ్మడూ,

నా పుస్తకాలు ఉన్నాయా! ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను.

సోమవారం నా చేతికి వాతం. అందుకే అక్షరం మారుతుంది. సంతకం ఇందులో పెట్టాను. ఇంతకుమించి అడక్కు.

ఇట్లు,
రీడరు

తా.క. పోస్టు డబ్బాలో తనే వేసొస్తానని మా ఇంటావిడ ఈ ఉత్తరం అడిగి తీసుకుంది. మనసు మంచిది.

*

అమ్మాయీ,

ఇవాళ పదో తేదీ. మట్టం రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. నేనే వెళ్ళి చూసొచ్చాను.

ఆయన ఉత్తరం డబ్బాలో వెయ్యకుండా విప్పి చదివాను, దీంతో కలిపి పంపుతున్నాను. ఆ చేతికి ఏ వాతమూ లేదు, మొన్న పార పట్టినప్పుడు చూశాను. సోమవారం ఆయనకి సెలవు, కొలబద్దకి సెలవు లేదు. బదులు మనిషిని వెయ్యమని పైవాళ్ళని అడిగి అడిగి విసిగిపోయి, పుస్తకం నా చేతిలో పెట్టారు. బయటివాళ్ళు పుస్తకం ముట్టుకోకూడదని రూలు. అది తెలిస్తే పరువు పోతుందని ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు.

మట్టం రాయడానికి ఎంతసేపు? గట్టున ఇంకా బోలెడు కనిపించేది. కార్ఖానావాళ్ళు సోమవారం రంగు తొట్లు కడిగేవాళ్ళు. పొద్దెక్కేసరికి నీళ్ళు రంగు తేలేవి, కప్పలు గప్‌చుప్. చూసింది రాశాను. "అంకెల మధ్య ఈ కప్పలేమిటే" అని ప్రతి మంగళవారం ఆయన పెన్సిలుతో కొట్టేసేవారు. నేను రబ్బరుతో ఆ గీత చెరిపేసేదాన్ని. ముప్ఫై ఏళ్ళు నా నోట విని విని, చివరికి తనే కనిపెట్టాననుకున్నారు.

మధ్యాహ్నం ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను: "పండితుడి పాదాలకు నమస్కారం అన్నారుగా, ఆ పాదాలు ఇవిగో." ఆయన నవ్వేశారు. తర్వాత వంటింటి గడపలో నిలబడి, "మోకాళ్ళతో వంగలేను, మాటతో సరిపెట్టుకో" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకింత సంతోషం ఎప్పుడూ కలగలేదు, దాచుకోవడం ఎందుకు?

సంతకం చేసిన కాగితం ఇందులో ఉంది. సోమవారం పేజీలు రాసింది నేను. కార్ఖానావాళ్ళకి నమ్మకం లేకపోతే ఆ పేజీలు పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం అక్షరాలతో పోల్చి చూడమను.

ఇట్లు,
సోమవారం రీడరు

తా.క. అమ్మడూ, ఈ తా.క. నాది. ఆవిడ సంతకం కింద సాక్షిగా నేనూ సంతకం పెట్టాను, రూలు తప్పిన సంగతి కూడా రాశాను. ఒక్క కోరిక. తెర మీద ఆవిడకో గుండ్రం పెట్టు, పక్కన నాకోటి. మధ్యలో గీత ఎంత లావు వస్తుందో చూడాలి. టేపు తెస్తాను, లైబ్రేరియన్ గారితో చెప్పకు.