చేపల బండికి ప్రశంసాపత్రం

బతు బస్తీ,
ఏప్రిల్ 3.

వండూర్ జెట్టీ దగ్గర టిఫిన్ హోటల్ నడుపుతున్న తులసమ్మ గారికి,

నమస్కారం. నా పేరు పద్మిని. మీ అమ్మాయి ధరణి చేరాలనుకుంటున్న కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. ఈ నెల పద్దెనిమిదిన మా కాలేజీలో ఓపెన్ హౌస్. ఆ పూట తలుపులన్నీ తెరిచి పెడతాం. పిల్లలు, అమ్మానాన్నలు, అమ్మమ్మలు ఎవరైనా వచ్చి లేబులూ లైబ్రరీ చూసుకుని, మేష్టర్లను ప్రశ్నలడిగి, ఇక్కడ చేరాలో వద్దో తేల్చుకోవచ్చు. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి.

మన దీవుల్లో అన్నీ హిందీలోనే కదా, అచ్చేసిన ఆహ్వానమూ హిందీలో ఉంది. "మా అమ్మ తెలుగైతేనే ఇష్టంగా చదువుతుంది" అని ధరణి ఫోన్లో చెప్పింది గనక చేత్తో రాస్తున్నాను. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే సర్దుకోండి.

ఒక్క సంగతి ముందే తేలాలి. మూడు నుంచి ఆరు దాకా పెడదామనుకుంటున్నాం. అంత దూరం నుంచి వచ్చే మీకు ఆరింటిదాకా ఉండడం ఇబ్బందా? మొహమాటం లేకుండా రాయండి.

మీ జవాబు కోసం చూస్తూ,
పద్మిని

తా.క. చివర్లో ఒక ఫారం ఇస్తాం. ఏది బాగుందో, ఏది బాగాలేదో నక్షత్రాలు వేయాలి. బాగాలేనిది చెబితేనే మాకు ఎక్కువ పనికొస్తుంది.

వండూర్,
ఏప్రిల్ 6.

పద్మిని మేడమ్ గారికి తులసమ్మ చేతులు జోడించి రాసుకున్నది.

ఇక్కడ నేనూ, ధరణీ, ఇడ్లీ పాత్రా బాగున్నాం. మీ ఉత్తరం బస్సు కండక్టరు గురునాథం భయ్యా తెచ్చి ఇచ్చాడు. రెండుసార్లు నాలో నేను చదువుకుని, మూడోసారి పొయ్యి దగ్గర నిలబడి అందరికీ వినిపించాను.

ఆరింటిదాకా ఇబ్బందా అని అడిగారు. అయ్యో, మీరు పిలవడమే గొప్ప! ఆరేమిటి, ఏడైనా చలేగా, మాకు సరే. మా వైపు నుంచి ఇంకో పదకొండు మంది ఆడపిల్లలు, వాళ్ళ తల్లులు కూడా వస్తామంటున్నారు.

ఇట్లు,
మీ పిలుపుకి పొంగిపోయిన తులసమ్మ

తా.క. మీ తెలుగులో తప్పులేమీ లేవు. ఒకటి ఉంది గానీ, అదీ అందంగానే ఉంది.

ఇంకో తా.క. రెండు వందల వడలు తెస్తున్నాను. వద్దని రాయకండి, మినప్పప్పు వచ్చేసింది.

బతు బస్తీ,
ఏప్రిల్ 21.

తులసమ్మ గారికి నమస్కారాలు.

ముందు వడల సంగతి. మా ప్రిన్సిపాల్ తిరుమలరావు గారు ఆరు తిని, ఏడోది జేబు రుమాల్లో చుట్టుకున్నారు.

ఇక ఫారాల సంగతి. వండూర్ వైపు నుంచి వచ్చిన పన్నెండు ఫారాల్లోనూ అన్నిటికీ ఐదేసి నక్షత్రాలు! కుర్చీలకి ఐదు. మైకు గురగురలాడి ఆగిపోయింది, దానికీ ఐదు. ఆఖరికి రవాణా సౌకర్యానికి కూడా ఐదే. మీ వైపు ఆఖరి బస్సు ఐదున్నరకే వెళ్ళిపోతుందని నాకు మర్నాడు తెలిసింది. మరి మీరంతా ఇంటికెలా వెళ్ళారు?

ఇది ఒక్కరోజు మాట కాదు. మా సైన్సు పిల్లలకి ప్రాక్టికల్స్ అయ్యేసరికి రోజూ ఆరవుతుంది. మే 2న మీటింగులో ఈ ఫారాలు చూసే కాలేజీ బస్సు ఏ దారిలో వేయాలో తేలుస్తారు. కష్టం ఉందని రాసినవాళ్ళకే బస్సు. ఇంకో ఫారం పంపుతున్నాను. దయచేసి కాస్త తిట్టండి.

ఇట్లు,
మీ తిట్లు కోరుకునే పద్మిని

తా.క. పన్నెండు ఫారాల్లోనూ అక్షరాలు ఒకేలా ఉన్నాయేం?

వండూర్,
ఏప్రిల్ 24.

మేడమ్ గారికి తులసమ్మ నమస్కారం.

మీరు కోప్పడ్డా సరే, నేను నక్షత్రం తగ్గించలేను. ఎందుకో వినండి. పోయిన సీజన్లో ఒక టూరిస్టు మా హోటల్లో ఎనిమిది ఇడ్లీలు తిన్నాడు. చట్నీ మూడుసార్లు వేయించుకున్నాడు. అంతలో గాలి లేచి వాడెక్కాల్సిన బోటు రద్దయింది. ఆ కోపంతో ఫోన్లో నా హోటల్‌కి ఒక్క నక్షత్రం కొట్టి పోయాడు! "సముద్రం బాగాలేదు" అని రాశాడట. సముద్రం నేను వండానా? అది చూసి జనం ఎన్నాళ్ళో ఎదురు కొట్టుకే పోయారు. ఏడ్చాను మేడమ్, నిజంగా. నా చేత్తో ఎవరికీ ఐదుకి తగ్గించకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పన్నెండు ఫారాలూ నేనే దగ్గరుండి నింపాను.

ఇక రవాణా అంటారా, మహా బాగా జరిగింది. బస్సు లేకపోబట్టి మీ వాచ్‌మన్ అచ్చిబాబు భయ్యా పరిచయమయ్యాడు. చీకట్లో టార్చి పట్టుకుని గంటసేపు రోడ్డు మీద మాకు తోడు నిలబడ్డాడు, ఎంత మంచివాడో! తర్వాత మా ఊరి మణికుమార్ నడిపే చేపల బండి వచ్చింది. ఖాళీ పెట్టెల మీద పాతికమందిమి హాయిగా సర్దుకున్నాం. ధరణి కొత్త చుడీదార్ నాలుగుసార్లు ఉతికాను, ఇప్పుడు దగ్గరికొస్తేనే వాసన తెలుస్తోంది. దారి పొడుగునా ధరణి ఫోను వెలుగులో పెట్టెలకంటిన పొలుసులు చూసి ఏది ఏ చేపదో చెబుతూనే ఉంది. పిల్ల అంత సంతోషంగా ఉండగా ఈ మధ్య చూడలేదు.

ఇట్లు,
ఏ లోటూ జరగని తులసమ్మ

తా.క. కొత్త ఫారం నింపాను. రవాణాకి ఆరో నక్షత్రం నేనే గీశాను.

బతు బస్తీ,
ఏప్రిల్ 27.

తులసమ్మ దీదీకి,

కొంప మునిగింది! మా ప్రిన్సిపాల్ గారు ఈ దీవుల్లోనే పుట్టి పెరిగారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మీ ఉత్తరం వినిపిస్తే మీ అవస్థ అర్థమవుతుందనుకున్నాను. చేపల బండి దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. "వాహ్, ఎంత సహకారం!" అని మణికుమార్‌కి కాలేజీ తరఫున ప్రశంసాపత్రం ఇమ్మన్నారు. "వండూర్ వాళ్ళకి ఏర్పాటుంది కదా, మన బస్సు ఇంకో దారిలో వేద్దాం" అని కూడా అన్నారు.

ఇంకొకటి. ధరణి ఫారంలో "ఇక్కడ చేరతారా?" అన్నచోట పెన్సిల్‌తో రాసి చెరిపేసిన మాటలున్నాయి. వెలుతురుకి పెట్టి చూశాను. "చాలా ఇష్టం. కానీ సాయంత్రం ఇంటికెలా రాను?" అని ఉంది. దాని మీద పెన్నుతో "చెప్పలేను" అని ఉంది. ఆ "చెప్పలేను" మీ అక్షరాలు.

దీదీ, మీటింగు ఇంకా ఐదు రోజులే. నిజం రాయండి. లేకపోతే ధరణికి సీటుంటుంది, దారుండదు.

ఇట్లు,
పద్మిని

తా.క. కంగారులో రాసిన ఈ ఉత్తరంలో ఎన్ని తప్పులున్నాయో చెప్పండి. ఇక్కడి నుంచైనా నక్షత్రం తగ్గించడం అలవాటు చేసుకోండి.

వండూర్,
ఏప్రిల్ 29.

పద్మినమ్మకి,

మూడు తప్పులు. చెప్పడానికి మనసొప్పలేదు, అయినా చెప్పాను.

దొరికిపోయానమ్మా. చెరిపింది ధరణే, చెరపమన్నది నేను. కష్టం రాస్తే బస్సొస్తుంది. బస్సొస్తే అది పొద్దున్నే కాలేజీకి వెళ్ళిపోతుంది. వాళ్ళ నాన్న పోయాక ఈ హోటల్లో నాతో కబుర్లాడేది అదొక్కతే. టూరిస్టులు తింటారు, లేచిపోతారు. ఒట్టు మాట నిజమే గానీ, ఈసారి ఆ ఒట్టు వెనక దాక్కున్నాను.

నీ ఉత్తరం ధరణి కూడా విన్నది. "అమ్మా, తన బోటు పోయిందని ఆ టూరిస్టు నీ ఇడ్లీ మీద పడ్డాడు. నీకు భయమేసిందని నువ్వు నా చదువు మీద పడ్డావు" అంది. చట్నీ గరిటె పక్కన పెట్టి పెన్ను తీశాను. నాలుగు కాగితాలు చింపి ఇది రాశాను. మీ సార్‌కి గట్టిగా వినిపించు:

"సార్, మీ కాలేజీకి ఐదు నక్షత్రాలు. దారికి ఒక్కటే, అదీ మణికుమార్‌ది. పన్నెండు మంది ఆడపిల్లలు చీకట్లో గంటసేపు రోడ్డు మీద నిలబడ్డారు. ప్రాక్టికల్స్ రోజూ ఉంటే రోజూ నిలబడాలి. చేపల బండి రోజూ రాదు. మాకు బస్సు వేయండి."

ఇట్లు,
తులసమ్మ

తా.క. రాసేశాక ఎక్కడలేని ఆకలేసింది. ఆరు ఇడ్లీలు తిన్నాను.

బతు బస్తీ,
మే 3.

దీదీకి,

బస్సు వచ్చేసింది! సార్ మీ నాలుగు ముక్కలూ నా చేత రెండోసారి చదివించుకున్నారు. తర్వాత "ఇంత కష్టం పడి ఆరు నక్షత్రాలెలా వేశారమ్మా?" అన్నారు. మీటింగులో ఆయనే లేచి అడిగారు. జులైలో క్లాసులు మొదలవగానే పొద్దున ఎనిమిదింటికి మీ జెట్టీ దగ్గర, సాయంత్రం ఆరుంబావుకి కాలేజీ దగ్గర బస్సు. డ్రైవరు సంగతి ఆఫీసువాళ్ళు చూసుకుంటున్నారు.

వచ్చే ఏడు ఓపెన్ హౌస్ పొద్దున్నే పెడతాం. ఏర్పాట్ల కమిటీలో తల్లుల తరఫున మీ పేరు రాసేశాను. మిమ్మల్ని అడిగితే "ఏమైనా చలేగా" అంటారని అడగలేదు.

ఇట్లు,
నేలమీద కాలు నిలవని పద్మిని

తా.క. ప్రశంసాపత్రం అప్పటికే అచ్చయిపోయింది. మణికుమార్‌కి ఇచ్చేశాం.

వండూర్,
జులై 20.

పద్మినమ్మకి తులసమ్మ దీవెనలు.

మొదటిరోజు ఎనిమిదింటికి హారన్ మోగింది. టిఫిన్ డబ్బా పట్టుకుని పరిగెత్తుకెళ్ళి చూద్దును కదా, డ్రైవరు సీట్లో మణికుమార్!

"ఏంటిది భయ్యా?" అన్నాను.

"ఆఫీసులో అనుభవం కాగితం అడిగారు దీదీ. మీరు ఇప్పించిన పత్రం చూపించాను. విద్యార్థినులను క్షేమంగా చేర్చినందుకు అని ప్రిన్సిపాల్ సంతకం ఉంది కదా, ఇక కాదనడానికి వాళ్ళకేం మిగిలింది?" అన్నాడు. ఆ పత్రానికి అద్దం కట్టించి స్టీరింగు పైన తగిలించుకున్నాడు. చేపల బండి తమ్ముడు యువరాజ్ నడుపుతున్నాడట.

మూడో రోజుకే కొత్త బస్సులో చేపల వాసన. పిల్లలు మణికుమార్‌ని అంటున్నారు గానీ, అది తన చుడీదార్‌దేనని ధరణి నాకు చెవిలో చెప్పింది.

కమిటీలో వేశావు గనక చెబుతున్నాను, ఆ మైకు మార్చండి. దానికి రెండు. బస్సుకి నాలుగు, ఒకటి వాసనకి తగ్గించాను. ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఇట్లు,
లెక్కగా నక్షత్రాలిచ్చే తులసమ్మ

తా.క. మీ ఫారంలో లేని గడి ఒకటి నేనే గీశాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా మా హోటల్: ఒక్క నక్షత్రం. బస్సు హారన్ వినబడి, ధరణి వంటింట్లోకొచ్చి ఆ రోజు లేబులో ఏం కోశారో చెబుతుంటే: ఐదు. ఆరోది గీయాలనిపించింది గానీ, ఆపుకున్నాను.